బూరెలో పూర్ణం

ఆవలి గట్టు కేంద్రంలో నూనె కాగుతున్న వాసన వచ్చిందంటే ఆ రోజు ఒక అబద్ధం దొరికిపోయిందన్నమాట.

మిగతా రోజుల్లో అక్కడ వేపుళ్ళు లేవు. చంద్రుడి మీద మూకుడు పెట్టడం అంత తేలికైన పని కాదు. భూమి మీద ఉండే బరువులో ఆరో వంతే ఉంటుంది కాబట్టి నూనెలో బుడగలు పైకి రావడానికి బద్ధకిస్తాయి. చుక్క చిందితే కప్పు దాకా వెళ్ళి తీరిగ్గా కిందికి దిగుతుంది. పైగా ఆ పొగంతా గాలిని శుద్ధి చేసే జల్లెడలకు పట్టేస్తుంది. ఒక వాయి వేయిస్తే ఒక జల్లెడ మార్చాలి, ఆ జల్లెడ భూమి నుంచి రావాలి. అందుకని ఏడాది పొడుగునా ఉడకబెట్టినవీ ఆవిరి పట్టినవీ తిని తిని, ఇడ్లీ కనిపిస్తే మొహం తిప్పుకునే స్థితికి వచ్చిన ఆ మనుషులు, అబద్ధం దొరికిన రోజున మాత్రం మిరపకాయ బజ్జీలు వేసుకోవచ్చని తమకు తామే ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. మిరపకాయలు అక్కడి తోటగదిలోనే కాస్తాయి. శనగపిండి నౌకలో వస్తుంది.

ఆ అబద్ధాలేమిటో తెలియాలంటే ముందు బూరె సంగతి చెప్పాలి.

బూరె ఒక నక్షత్రం. ఖగోళ శాస్త్రజ్ఞుల దగ్గర దానికి అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి పేరొకటి ఉంది కానీ, డాక్టర్ వకుళ పెట్టిన ఈ పేరే నిలిచిపోయింది. వకుళది పిఠాపురం. ఆవలి గట్టు కేంద్రానికి ఆవిడే అధిపతి. చంద్రుడికి మనకెప్పుడూ కనిపించని వైపు, భూమి గోల వినిపించని చోట, ఆ నక్షత్రాన్ని చెవి ఒగ్గి వినడానికే కట్టిన కేంద్రం అది.

ఒకప్పుడు పెద్ద నక్షత్రంగా వెలిగి, పేలిపోయి, చివరికి గుండె మాత్రం మిగిలిన చుక్క బూరె. సూర్యుడికి రెండింతల సరుకు అంతా ఒక నగరమంత ముద్దలో ఇమిడిపోయింది. చెంచాడు తీసి తూచగలిగితే ఒక కొండల వరస అంత బరువు తూగుతుంది. అంత ఒత్తిడిలో అణువులూ పరమాణువులూ అనేవి ఉండవు. న్యూట్రాన్లు ఒకదానినొకటి తోసుకుంటూ ఇరుక్కుని ఉంటాయి. దాన్నే కేంద్రక ద్రవ్యం అంటారు. ఒక్కో న్యూట్రాన్‌లో మూడేసి క్వార్క్‌లుంటాయి. వాటాలుగా కట్టిన ఇంట్లో ఏ వాటా పిల్లలు ఆ వాటాలోనే ఉన్నట్టు, ఏ క్వార్క్ అయినా తన గోడల మధ్యే తిరుగుతుంది, ఒంటరిగా బయటికి రాదు. కానీ ఒత్తిడి ఇంకా పెరిగితే ఆ గోడలు కరిగిపోతాయని సిద్ధాంతం. అప్పుడు ఇల్లంతా ఒకే హాలు. ఏ క్వార్క్ ఏ న్యూట్రాన్‌దో ఎవరూ చెప్పలేరు. దానికి క్వార్క్ ద్రవ్యమని పేరు. గోడలు కరిగే ఆ మార్పుకు తెలుగు శాస్త్రజ్ఞులు 'విగళనం' అని పేరు పెట్టారు.

బూరె తన పక్కనున్న జంట నక్షత్రం నుంచి వాయువును లాక్కుని తింటూ లావెక్కుతోంది. లోపలి ఒత్తిడి అంచుకు చేరింది. పైన పిండి ఉందని అందరికీ తెలుసు. లోపల పూర్ణం తయారైందా లేదా, తయారైతే ఎలా తయారవుతుంది అన్నదే ప్రశ్న. మెల్లగా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా మారుతుందని కొందరు. కాదు, ఒక్క ఊపులో మారుతుందని వకుళ. ఒక్క ఊపులో మారితే నక్షత్రం కాస్త కుంచించుకుని, కొట్టిన గంటలా కంపిస్తుంది. ఆ కంపనానికి అంతరిక్షమే అలలు తీస్తుంది. ఆ గురుత్వ తరంగాలను పట్టడానికే చంద్రుడి నేల మీద మూడు పొడవాటి కాంతి గొట్టాలను త్రిభుజంగా పరిచారు. పట్టిన అలలను ధ్వనిగా మార్చి వింటే కింది నుంచి పైకి ఎక్కే ఒక స్వరం వినబడాలి. ఆ తర్వాత ఒక పూట పాటు, లోపలి వేడి బయటికి తన్నుకొచ్చి బూరె పైపొర ఎక్స్-కిరణాల్లో వెలగాలి. ఆ ఒక్క పూటే. అది దాటితే వేడి చల్లారిపోతుంది. ఏ నక్షత్రమూ ఈ పని రెండోసారి చెయ్యదు.

ఇక శోధిని.

శాస్త్రజ్ఞులు మహా తెలివైనవాళ్ళే కానీ వాళ్ళకొక జబ్బుంది. ఏది చూడాలని కోరుకుంటారో అదే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళు ఒక స్వరం కోసం ఎదురుచూసిన మనిషికి ఫ్రిజ్ రొదలో కూడా ఆ స్వరమే వినబడుతుంది. ఆ జబ్బుకు మందుగా తయారు చేసిన యంత్రం శోధిని. పరికరం నుంచి వచ్చే సమాచారం మనుషులకు చేరే ముందు దాని చేతుల మీదుగా వెళుతుంది. అప్పుడప్పుడు అది ఎవరికీ చెప్పకుండా అచ్చం నిజంలా ఉండే నకిలీ సంకేతాన్ని అందులో కలుపుతుంది. బృందం దాన్ని విని, తర్కించి, ఒక మాట చెప్పాలి: నిజమా, నకిలీయా? 'నిజం' అంటే ఆ క్షణంలోనే భూమి చుట్టూ కక్ష్యల్లో ఉన్న ఎక్స్-రే టెలిస్కోపులన్నిటికీ కబురు వెళ్ళిపోతుంది. అవన్నీ చేస్తున్న పని ఆపి బూరె వైపు తిరుగుతాయి. మర్నాడు శోధిని తెర తీసి అసలు సంగతి చెబుతుంది. 'నకిలీ' అంటే గొడవే లేదు, విషయం మూసేసినట్టు. ఎటు చెప్పినా ఒకసారి ఇచ్చిన మాట మార్చకూడదు. మాట మార్చుకునే వీలుంటే పరీక్షకు అర్థం లేదు కదా.

మొదటి ఏడాదే వకుళ ఒక సంకేతం విని 'నిజం' అంది. ప్రపంచంలోని టెలిస్కోపులన్నీ తిరిగాయి. బూరె మామూలుగానే ఉంది. మర్నాడు శోధిని తన మర్యాద తప్పని గొంతుతో, "అది నేను కలిపిన నకిలీ సంకేతం" అని చెప్పింది. వకుళ నవ్వులపాలైంది. బూరె చేతిలో పట్టుకుని కొరకబోతే అది తుస్సుమన్నట్టు పత్రికల్లో ఆవిడ బొమ్మలు గీశారు. పిఠాపురంలో వాళ్ళ చెల్లెలికి కూడా నలుగురిలోకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

అప్పటి నుంచి ఆవలి గట్టు జాగ్రత్త పడింది. తర్వాతి ఏళ్ళలో నాలుగు సంకేతాలొచ్చాయి. నాలుగింటినీ బృందం నకిలీలని పట్టేసింది. నాలుగుసార్లూ బజ్జీలు వేగాయి. వచ్చిన ప్రతి శాస్త్రజ్ఞుడూ ఆ బజ్జీల కథ భూమికి మోసుకెళ్ళాడు. ఆవలి గట్టును ఎవరూ మోసం చెయ్యలేరన్న పేరూ వచ్చింది.

నిజం దొరికిన రోజున మాత్రం బూరెలు వండుకోవాలని వకుళ మొదటి నౌకలోనే బెల్లం, శనగపప్పు, మినప్పప్పు, బియ్యం, యాలకులు ఒక డబ్బాలో పెట్టి తెచ్చింది. ఏడేళ్ళుగా ఆ డబ్బా మూత ఎవరూ తియ్యలేదు.

*

ఏడో ఏడు ముగుస్తోంది. వకుళ ఎముకలు ఇక చంద్రుడి మీద ఉండటానికి ఒప్పుకోవని డాక్టర్లు చెప్పేశారు. వచ్చే నౌకలో ఆవిడ దిగిపోవాలి, మళ్ళీ ఎక్కడం ఉండదు. నవ్వుతూనే సామాను సర్దుకుంటోంది కానీ, ఆవిడ కోరిక ఒక్కటే. వెళ్ళేలోగా బూరె నోరు విప్పాలి.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ కేంద్రంలో ముగ్గురున్నారు. వకుళ, పరికరాల నిపుణుడు ఖాజా మొహిద్దీన్, కొత్తగా వచ్చిన డాక్టర్ పైడితల్లి. ఖాజాది కడప. మొదటి నుంచీ వకుళతోనే ఉన్నాడు, వంటగది పెత్తనమూ అతనిదే. పైడితల్లిది విజయనగరం. న్యూట్రినోల మీద పదిహేనేళ్ళు పనిచేసి, ఈ మధ్యే ఇక్కడికి చేరింది.

అప్పుడు వచ్చింది స్వరం.

కింది నుంచి పైకి పాకింది. క్షణం ఆగింది. ఇంకో మెట్టు ఎక్కి, సన్నగా సాగి ఆరిపోయింది. ముగ్గురూ చేతిలో ముద్దలు అలాగే పట్టుకుని ఉండిపోయారు.

వకుళ లేచి వెళ్ళి, ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట తను లెక్కకట్టిన గీతను తెర మీద ఆ సంకేతం పక్కన పెట్టింది. రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది.

"ఇంత బాగా కుదిరిందేంటి ఖాజా?" అంది.

"అదే కదక్కా నేనూ చెప్పేది," అన్నాడు ఖాజా చెయ్యి కడుక్కుంటూ. "ఇంత కరెక్టుగా కుదిరిందంటేనే తెలిసిపోలా? నీ పేపర్లన్నీ శోధిని చదివింటాది. నువ్వు పోతాండావని దానికి తెలుసు. పోయే ముందర నీకొక పరీక్ష పెట్టింది, అంతే. నేను పోయి మిరపకాయలు కోసుకొస్తా."

"ఒక్క నిమిషం ఉండండి ఖాజాగారూ," అంది పైడితల్లి. "నాకు తెలీకడుగుతాను. నిజమైంది వస్తే ఎలాగుంటాదండీ?"

ఖాజా వకుళ వైపు చూశాడు. వకుళ తెర మీది గీతనే చూస్తూ, "నా లెక్కలో ఉన్నట్టే ఉంటుంది పైడీ," అంది.

"మరిది అలాగే ఉన్నాది కదండీ?"

"అందుకేనమ్మా అనుమానం."

"మరి మునుపటి నాలుగూ? వాటినెందుకు నకిలీలన్నారు?"

"అవి నా లెక్కలో ఉన్నట్టు లేవు. ఎవరి లెక్కలోనూ లేవు. చిన్న చిన్న కుదుపులు. చేత కాక కట్టినట్టుండేవి."

పైడితల్లి కంచంలో మిగిలిన అన్నాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

వకుళ తోటగదిలోకి వెళ్ళి మిరప మొక్కల మధ్య నిలబడింది. ఎక్కడికైనా వెళ్ళి ఆలోచించుకుందామంటే ఆవలి గట్టులో ఉన్న చోటు అదొక్కటే. ఆవిడకు భయం వేసింది. 'నిజం' అని తేల్చి అది నకిలీ అయితే, ఏడేళ్ళ కిందటి నవ్వు మళ్ళీ మొదలవుతుంది. ఈసారి దాన్ని కడుక్కోవడానికి ఇంకో ఏడేళ్ళు లేవు. తుస్సుమన్న బూరెతో వచ్చి, తుస్సుమన్న బూరెతోనే దిగిపోయిందంటారు. 'నకిలీ' అని, అది నిజమైతే? కానీ ఆవిడే సర్ది చెప్పుకుంది. ఇంత అందంగా, ఇంత సరిగ్గా, తను వెళ్ళిపోయే ముందు, తన లెక్క ప్రకారమే? నక్షత్రాలకు మనుషుల మీద అంత దయ ఉండదు.

తిరిగి వచ్చి, అధిపతి చెప్పాల్సిన పద్ధతిలో చెప్పింది. "శోధినీ, ఇది నకిలీ. ఇది మా బృందం మాట."

"మీ మాట అందింది. విషయం మూసేశాను," అంది శోధిని.

*

బజ్జీలు బాగా కుదిరాయి. ఖాజా వాము, ఉప్పు దట్టంగా పెట్టి, పొడుగు కాయలను నిలువునా చీల్చి వేశాడు. మూకుడు మీద వల మూత ఉన్నా ఒక నూనె చుక్క తప్పించుకుని పైకి వెళ్ళి, ముగ్గురూ చూస్తుండగా మెల్లగా బల్ల మీదికి దిగింది.

"అక్కా, ఇది ఐదోది. ఐదింటికి ఐదు పట్టేసినాం," అన్నాడు ఖాజా. "శోధిని పని అయిపాయ."

వకుళ కూడా నవ్వింది. తప్పించుకున్నామన్న నిశ్చింత వేరు, ఆకలి వేరు. రెండూ కలిస్తే బజ్జీ రుచే వేరుగా ఉంటుంది.

పైడితల్లి ఒక బజ్జీ కొరికి, కారానికి కళ్ళు తుడుచుకుంటూ, గోడలో ఉన్న శోధిని మాటల పెట్టె వైపు తిరిగింది. ఆవిడకు చేతిపని మీద గౌరవం ఎక్కువ. ఎవరు ఏది బాగా చేసినా మెచ్చుకోకుండా ఉండలేదు.

"శోధినీ, నకిలీయే అయితే అయిందిగానీ, ఎంత బాగా కట్టావమ్మా! మద్దెలో ఆగి, మళ్ళా ఇంకో మెట్టెక్కిందే, అదెలా కట్టావు?"

"అది నేను కట్టలేదు," అంది శోధిని.

ఖాజా చేతిలో జల్లిగరిటె అలాగే ఆగిపోయింది.

"ఏటి?" అంది పైడితల్లి.

"ఈ రోజు వచ్చిన సంకేతంలో నేను కలిపింది ఏమీ లేదు. పరికరానికి అందినదే మీకు అందించాను."

వకుళ లేచి నిలబడింది. "అంతకు ముందువి? ఆ నాలుగూ?"

"అవీ నావి కావు. నేను ఈ ఏడేళ్ళలో కలిపిన నకిలీ ఒక్కటే. మొదటి ఏడాది మీరు నిజమన్నది."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"మూసేసిన విషయం గురించి అడిగితే చెబుతాను. ఎవరూ అడగలేదు. మీరు నకిలీ అనగానే నూనె పెట్టేవారు."

ఎత్తిపొడుపు యంత్రాలకు చేతకాదంటారు. అయినా ఆ మాట ముగ్గురికీ ఎక్కడో తగిలింది.

"ఒక్కటే ఎందుకు కలిపావు?" అంది వకుళ.

"బృందంలో సందేహం తగ్గినప్పుడు నకిలీ కలపమని నాకు చెప్పారు. మీ మాటలనూ మీ తర్కాన్నీ విని సందేహాన్ని కొలుస్తాను. మొదటి నకిలీ తర్వాత మీ సందేహం ఒక్కసారి కూడా తగ్గలేదు. కాబట్టి నాకు పని పడలేదు."

వకుళ తెర దగ్గరికి వెళ్ళింది. మూసేసిన నాలుగు సంకేతాలనూ తీసి, ఆ రోజుది చివర్న పెట్టి, వరసగా వినిపించింది. మొదటిది చిన్న కుదుపు, స్వరం కొంచెం పైకి. రెండోది ఇంకాస్త. మూడు, నాలుగు. చివరికి ఈ రోజుటి పెద్ద మెట్టు. ఐదూ కలిపి వింటే ఎవరో మేడ మీదికి ఒక్కో మెట్టూ ఎక్కి, చివరికి తలుపు తోసినట్టుంది. విగళనం ఒక్క ఊపులో జరగలేదు. తెలియకుండా మెల్లగానూ జరగలేదు. పొర తరవాత పొర, ఆగి ఆగి, ఒక్కో పొరలో గోడలు కరుగుతూ వచ్చి, ఆఖరికి గుండె మొత్తం ఒకేసారి మారింది. తన లెక్క ఐదో వంతు మాత్రమే నిజం. మిగతా నాలుగు వంతులు ఎవరి లెక్కకూ అందనివి. వాటినే చేత కాని నకిలీలని పక్కన పడేసింది.

ఆవిడకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఏడేళ్ళుగా ఆ చుక్క విడమరిచి చెబుతూనే ఉంది. తన లెక్కకు అందని మాటను, అందలేదు కాబట్టి నమ్మలేదు. తన లెక్కకు అందిన మాటను, అందింది కాబట్టి నమ్మలేదు.

"వకుళక్కా, ఇంకా పూట దాటలేదు," అంది పైడితల్లి. అప్పటిదాకా మేడమ్ అని పిలిచిన మనిషికి అక్క అనే పిలుపు ఎప్పుడొచ్చిందో తెలియదు. "వెలుగు ఇంకా ఉంటాది. టెలిస్కోపులు ఇటు తిప్పితే కనబడతాది."

అప్పుడు ఖాజా, మూకుడు కింద వేడి తగ్గించి, మెల్లగా అన్నాడు.

"అక్కా, నేను ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. ఇప్పుడు శోధిని చెప్పిందే, నేను కలపలేదు అని, అదీ పరీక్షే అయితే? మాట మారుస్తామా లేదా అని చూస్తాంటే?"

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ ఆలోచన అప్పటికే ముగ్గురికీ వచ్చింది. ఖాజా పైకి అన్నాడు, అంతే.

"శోధినీ," అంది వకుళ, "నువ్వు చెప్పింది నిజమని రుజువు చెయ్యగలవా?"

"చెయ్యలేను. నన్ను అనుమానించడం మీకు అలవాటు కావాలనే నన్ను తయారు చేశారు. నా మాటకు నేను సాక్షిని కాలేను. సాక్ష్యం ఆ నక్షత్రం దగ్గరే ఉంది, కాసేపు మాత్రమే ఉంటుంది."

వకుళ కళ్ళు తుడుచుకుంది. ఇందాక తోటగదిలో ఆలోచించుకున్నప్పుడు ఉన్న సాక్ష్యమే ఇప్పుడూ ఉంది, ఒక్క అణువు కూడా పెరగలేదు. పెరిగిందల్లా తన సిగ్గు. ఇక దాని వల్ల కూడా ఏదైనా మంచి జరగాలనుకుంది.

"కబురు పంపుతున్నాను," అంది. "బృందం పేరు మీద కాదులే, నా పేరు మీద. నవ్వితే నన్నే నవ్వుతారు."

"నీ ఒక్కదాని పేరెందుకక్కా," అన్నాడు ఖాజా. "నాదీ వెయ్యి."

"నాదీని," అంది పైడితల్లి.

*

భూమి మీద నుంచి ఎక్స్-రే టెలిస్కోపులన్నిటినీ నడిపే మండలికి అధ్యక్షుడు డాక్టర్ సాయన్న. వకుళతో కలిసి చదువుకున్నవాడే. మంచి మనిషి, నవ్వు మొహం. తెర మీద కనబడగానే ఆ మొహం ఇంకా విప్పారింది.

"ఏం వకుళా! పోయే ముందట మమ్మల్ని ఆగం జేద్దామనుకున్నవా?"

"సాయన్నా, దయచేసి విను. ఇది నిజం. ఐదు సంకేతాలూ నిజమే. వెంటనే బూరె వైపు తిప్పించు. తర్వాత ఏమన్నా పడతాను."

"మాట ఇచ్చి మార్చుకున్నవంటేనే మాకు సమజైపోయింది. గిది శోధిని కొత్త ఎత్తు. గీసారి పరీక్ష మీకు గాదు, మాకు. నీతోని గిట్ల అడిగిస్తే మేం లగెత్తుకొస్తమా లేదా అని సూస్తున్నది. కమిటీల ఐదు నిమిషాలు గూడ పట్టలే, అందరం ఒక్కటే మాట."

"శోధిని నా చేత ఏదీ చెప్పించట్లేదు. నేనే చెబుతున్నాను. కావాలంటే ఒక్క టెలిస్కోపు తిప్పు. చిన్నదైనా సరే."

"తిప్పితే ఓడినట్టే గదా!" సాయన్న గట్టిగా నవ్వాడు. "అరె, కండ్లల్ల నీళ్ళు గూడ దెచ్చుకున్నవ్. మస్తు జేస్తున్నవ్ వకుళా. మీ ముచ్చట ఇని ఇని ఇయ్యాల మా క్యాంటీన్ల గూడ బజ్జీలేయిస్తున్నం. మొదటిసారి మేం గూడ ఒకటి పట్టినం మరి."

అతని వెనక నుంచి నవ్వులూ, పళ్ళేల చప్పుడూ వినిపించాయి. ఎవరో ఉల్లిపాయలు అడుగుతున్నారు.

వకుళ మళ్ళీ మళ్ళీ చెప్పింది. చెప్పినకొద్దీ అక్కడ నవ్వు పెరిగింది. ఆవిడ ఎంత నిజంగా మాట్లాడితే వాళ్ళకు అంత బాగా కట్టిన నకిలీలా వినబడింది. చివరికి ఆవిడే తెర ఆపేసింది.

ఆకాశంలో ఎక్కడో, మనుషులు కట్టిన టెలిస్కోపులన్నీ వేరే పనుల్లో ఉండగా, బూరె తన పూట కాలం వెలిగి చల్లారింది. దాన్ని ఎవరూ చూడలేదు.

పూట దాటిందని పైడితల్లి చెప్పింది. వకుళ లేచి సామాను గదిలోకి వెళ్ళి ఒక డబ్బా పట్టుకొచ్చి ఖాజా ముందు పెట్టింది.

"ఇదేందక్కా?"

"మరిచిపోయావా? నిజం దొరికిన రోజున వండుకుందామని తెచ్చుకున్నాం కదా. బూరెలు వెయ్యి ఖాజా."

"రెండో జల్లెడ గూడా పోతాది అక్కా."

"పోనీ."

ఏడేళ్ళకు బెల్లం రాయిలా గట్టిపడింది. పైడితల్లి దాన్ని గుడ్డలో చుట్టి, పరికరాల గదిలోని సుత్తితో కొట్టింది. మినప్పప్పు, బియ్యం నానబెట్టి రుబ్బడానికీ, శనగపప్పు ఉడకడానికీ చాలాసేపు పట్టింది. యాలకులకు మాత్రం వాసన పోలేదు, పొడి చెయ్యగానే కేంద్రమంతా కమ్ముకుంది. ఖాజా పూర్ణాన్ని ఉండలు చేసి, ఒక్కోదాన్నీ పిండిలో ముంచి నూనెలో వదిలాడు. అవి అక్కడి తేలిక బరువుకు తొందరపడకుండా బోర్లాపడి, నెమ్మదిగా ఎర్రబడ్డాయి.

"నేను నమ్ముతున్నాను," అంది వకుళ పళ్ళెం అందుకుంటూ. ఎవరితో అందో తెలియదు. "అది చెప్పింది, నేను విన్నాను. ఇంకెవరూ చూడకపోయినా సరే."

"నేనూ నమ్ముతాండా అక్కా," అన్నాడు ఖాజా. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ముగ్గురూ తలా ఒక బూరె తీసుకున్నారు. వేడిగా, గుండ్రంగా, బయట నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. పూర్ణమంతా తన చేతులతో ఉండలు చేసి తనే పిండిలో ముంచిన ఖాజా, నోట్లో పెట్టుకోబోయి ఆగి, లోపల ఉందో లేదో అని ఒకసారి విరిచి చూసుకున్నాడు.